నానిన నీళ్ళు తాగాలా, పారబోయాలా? స్టీపింగ్ అంటే ఇదే!

ఈరోజు ఎపిసోడ్ ఒక చిన్న ప్రశ్నతో మొదలుపెడదాం. గ్రీన్ టీ చేసుకుంటే ఆకు పారేసి నీళ్ళు తాగుతాం. రాజ్మా నానబెడితే నీళ్ళు పారబోసి గింజలు వండుకుంటాం. రెండూ నీళ్ళలో వేసి ఉంచడమే కదా? మరి ఒకచోట నీళ్ళు ఎందుకు కావాలి, ఇంకోచోట ఎందుకు వద్దు?

వంట వీడియోల్లో "ఐదు నిమిషాలు స్టీప్ చేయండి" అంటుంటారు, విన్నారు కదా. స్టీపింగ్ అంటే పెద్ద విద్యేం కాదు. ఒక పదార్థాన్ని నీళ్ళలోనో పాలలోనో వేసి, కింద మంట పెట్టి మరిగించకుండా, కొంతసేపు అలా వదిలేయడం. ఆ టైమే పని చేసిపెడుతుంది.

మన తెలుగులో దీనికి రెండు మంచి మాటలున్నాయి. నానడం, ఊరడం. నానడం అంటే నీళ్ళు లోపలికి వెళ్ళి వస్తువు మెత్తబడడం. మినప్పప్పు నానింది అంటాం. ఊరడం అంటే లోపల ఉన్నది బయటికి రావడం. నోరూరింది అంటాం, బావిలో నీళ్ళు ఊరాయి అంటాం. స్టీపింగ్‌లో ఈ రెండూ ఒకేసారి జరుగుతాయి. టీ ఆకు నానుతుంది, దాని సారం నీళ్ళలోకి ఊరుతుంది. కాబట్టి ఏది నానబెట్టినా ఒక్క ప్రశ్న వేసుకోండి: ఇందులోంచి నీళ్ళలోకి ఏం దిగుతోంది? అది నాకు కావాలా, వద్దా?

ముందు కావాల్సిన వాటి సంగతి చూద్దాం. చింతపండు నానబెడితే పులుపు నీళ్ళలోకి దిగుతుంది. ఆ రసంతోనే పులుసు పెట్టి, పిప్పి పారేస్తాం. బిర్యానీకి కుంకుమపువ్వును గోరువెచ్చని పాలలో వేస్తే రంగూ వాసనా పాలకు పడతాయి. ఇక్కడ మనకు కావాల్సింది నీళ్ళలో, పాలలో ఉంది.

గ్రీన్ టీ కూడా అంతే. చాలామంది "చేదుగా ఉంటుంది బాబోయ్" అని మానేస్తారు. పాపం, తప్పు ఆకుది కాదు. మరుగుతున్న నీళ్ళు పోసి, టీ బ్యాగ్‌ని కప్పులోనే వదిలేసి, ఫోన్ చూస్తూ కూర్చుంటే చేదు, వగరు ఇచ్చే పదార్థాలు ఎక్కువగా దిగిపోతాయి. గ్రీన్ టీకి 70 నుంచి 80 డిగ్రీల వేడి, 2 నుంచి 3 నిమిషాల టైమ్ చాలు. థర్మామీటర్ లేదా? కప్పులో పావు వంతు మామూలు నీళ్ళు పోసి, మిగతా ముప్పావు వంతు మరిగిన నీళ్ళు పోయండి. దాదాపు 80 డిగ్రీలకు వచ్చేస్తుంది. స్ట్రాంగ్‌గా కావాలంటే టైమ్ పెంచకండి, ఆకు పెంచండి.

"మరి మా ఇంట్లో టీ పొడిని అంతసేపు మరిగిస్తారు కదా, చేదెక్కదేం?" అంటారా? మంచి డౌట్. అందులో పాలు పోస్తాం. పాలలోని ప్రొటీన్ ఆ వగరును పట్టేసుకుంటుంది. దానికి తోడు చక్కెర ఉండనే ఉంది. కానీ అది మరిగించే పద్ధతి, స్టీపింగ్ కాదు.

వేడి లేకుండా కూడా స్టీపింగ్ అవుతుంది, కాకపోతే టైమ్ ఎక్కువ పడుతుంది. కోల్డ్ బ్రూ కాఫీ అదే. పొడిని చల్లటి నీళ్ళలో కలిపి ఫ్రిజ్‌లో 12 గంటలకు పైగా ఉంచి వడకడతారు. వేడి తగ్గితే టైమ్ పెరగాలి, లెక్క అంతే.

ఇప్పుడు నీళ్ళు వద్దనుకునే వాటి దగ్గరికి వద్దాం. హాస్టల్‌లో, రూమ్‌లో వండుకునేవాళ్ళు ఇది జాగ్రత్తగా వినండి. పచ్చి రాజ్మాలో, ముఖ్యంగా ఎర్ర రాజ్మాలో, లెక్టిన్ అనే రకం విషపదార్థం ఒకటి ఉంటుంది. సరిగ్గా ఉడకని గింజలు నాలుగైదు తిన్నా వాంతులు, విరేచనాలు పట్టుకోవచ్చు. తిన్న కొన్ని గంటల్లోనే మొదలవుతాయి.

అందుకే రాజ్మాను కనీసం 5 గంటలు నానబెట్టాలి. ఆ నీళ్ళు పూర్తిగా పారబోయాలి. కొత్త నీళ్ళు పోసి, తెర్లేలా మరిగించాలి. కనీసం 10 నిమిషాలు, ఇంకా భద్రంగా ఉండాలంటే 30 నిమిషాలు. ప్రెషర్ కుక్కర్‌లో మెత్తగా ఉడికిస్తే భయం లేదు. అసలు ప్రమాదం ఎక్కడంటే, స్లో కుక్కర్‌లో పడేసి వదిలేయడం. తక్కువ వేడిలో, 80 డిగ్రీల దగ్గర ఉడికితే ఆ విషం పోకపోగా, పచ్చి గింజల్లో కంటే ఎక్కువ కావచ్చు. గింజ మెత్తబడింది కదా అని మోసపోకండి. నానబెట్టడం సగం పనే, మరిగించడం మిగతా సగం.

శనగలకు ఇంత భయం లేదు. కానీ గ్యాస్ పట్టించే చక్కెరలు కొన్ని నానిన నీళ్ళలోకి దిగుతాయి. కడుపు ఉబ్బరం ఉన్నవాళ్ళు ఆ నీళ్ళు మార్చేసి వండుకుంటే మంచిది. ఎండాకాలంలో అయితే రాత్రంతా బయట పెట్టకండి, పులిసి వాసనొస్తుంది. ఫ్రిజ్‌లో పెట్టండి.

చివరగా, నీళ్ళూ ముక్కా రెండూ కావాల్సింది ఒకటుంది. మన మాగాయ! మామిడి ముక్కలకు ఉప్పు, పసుపు పట్టించి మూడు రోజులు ఉంచుతారు. ఒక్క చుక్క నీళ్ళు పోయరు. ఉప్పే ముక్కలోని నీటిని బయటికి లాగుతుంది. దాన్నే ఊట అంటారు. ముక్కల్ని పిండి ఎండబెడతారు, ఊటను పారబోయకుండా దాచి మళ్ళీ ముక్కల్లో కలుపుతారు. స్టీపింగ్ అనే మాట వినకపోయినా, ఏది ఎక్కడికి దిగుతుందో మన అమ్మమ్మలకు బాగా తెలుసు.

సో ఫ్రెండ్స్, ఈసారి గిన్నెలో ఏదైనా నానబెట్టినప్పుడు, ఆ నీళ్ళు వంచేముందు ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. రూమ్‌లో రాజ్మా వండే ఫ్రెండ్ ఉంటే ఈ ఎపిసోడ్ వాళ్ళకు తప్పకుండా పంపండి. మీ ఇంట్లో ఏ నీళ్ళు దాస్తారు, ఏ నీళ్ళు పారబోస్తారు? కామెంట్‌లో రాయండి. మళ్ళీ కలుద్దాం, ఉంటాను!