ముఖము తెలియని ఇనుప ఓడ



అమెరికా దేశమున సవన్నా అను పట్టణము చెంత, అదే పేరుగల నదిలో, ఒక యుద్ధనౌక రెండేండ్లకు పైగా నిలిచియుండెను. ఊరివారు చూచిరి, సైనికులు చూచిరి, శత్రువులును దూరమునుండి చూచిరి. అయినను ఆ ఓడ యెట్లుండెనో నేడు నిశ్చయముగా చెప్పగలవారు లేరు. దాని పేరు జార్జియా.

ఆ దేశమున ఉత్తర రాష్ట్రములకును దక్షిణ రాష్ట్రములకును 1861 మొదలు 1865 వఱకు ఘోరమగు అంతర్యుద్ధము జరిగినది. 1862 మార్చిలో ఇరుపక్షముల ఇనుపకవచపు ఓడలు రెండు తొలిసారి తలపడెను. ఫిరంగిగుండ్లు ఇనుమునకు తగిలి జాఱిపోవుట చూచి, కొయ్య ఓడలకు కాలము తీఱినదని లోకమెఱిగినది. ఆ దినములలోనే దక్షిణపక్షమునకు చెందిన జార్జియా రాష్ట్రపు స్త్రీలు సంఘముగా కూడి, చందాలెత్తి, 1,15,000 డాలర్లు కూర్చిరి. ఆ సొమ్ముతో కట్టబడినది ఈ ఓడ.

దళసరి ఇనుపరేకులు చేయు కార్ఖానాలు దక్షిణమున బహుకొద్ది. అందుచేత రైలుపట్టాలనే కవచముగా బిగించిరి. పట్టాకు అడుగు వెడల్పు, తల సన్నము గదా! ఒక పట్టాను నిటారుగను, దాని ప్రక్కదానిని తలక్రిందుగను పెట్టినచో, ఒకదాని సందున నొకటి యిమిడిపోవును. ఇట్టి పట్టాలను మ్రానిపై కూర్చి, ఇంటికప్పువలె వాలుగా గోడలు నిలిపి, లోపల ఫిరంగులుంచిరి. ఉపాయము మంచిదే గాని బరువెక్కువయ్యెను. ఆవిరియంత్రములకు ఏటివాలున కెదురుపోవు సత్తువ లేదయ్యెను. నౌక కావలసినది జాక్సన్ కోట దాపున కట్టివేయబడి, నీటిపై తేలు బురుజుగా మిగిలెను. 1864 డిసెంబరులో ఉత్తరపు సేనాని షెర్మన్ పట్టణముపైకి రాగా, శత్రువు చేజిక్కకుండుటకై దక్షిణపువారే దానిని ముంచివేసిరి.

ఓడ కట్టిన నమూనాపటము ఒక్కటియు దొరకలేదు. ఇక పరిశోధకులకు మిగిలినది చూచినవారి మాట. మన తార్కికులు దీనిని శబ్దప్రమాణమందురు. చెప్పువాడు ఆప్తుడైనప్పుడే అది చెల్లును. ఇచ్చట ఒకరు ఓడ పొడవు 150 అడుగులనిరి, మఱియొకరు 250 అడుగులనిరి. నూఱడుగుల భేదము! తాటియాకు గ్రంథములలో పాఠభేదములు చూచిన మా బోంట్లకు కూడ ఇది అధికమే. ఆ కాలమున గీచిన చిత్రములును ఒకదానితో నొకటి పొసగవు.

ఇట్లుండగా 1980 తరువాత ఒక ఛాయాచిత్రము బయలుదేఱినది. పాతసామానులమ్ముచోట దీనిని చూచితిననియు, వెల యీయలేక దానికి ఫోటో తీసికొంటిననియు ఒకరు దాని ప్రతులను పండితులకు పంపిరి. వాలుగోడల ఓడ, దాపున గడ్డిటోపీ పెట్టుకొన్న మనిషి, వెలిసిన కాగితము: చూచినవారికి ఆశ పుట్టుటలో వింతయేమి? కాని మాతృక యేదని అడిగినచో చూపువారు లేరు. మాతృక లేని ప్రతిని గ్రంథములలోనైనను బొమ్మలలోనైనను నేను నమ్మను. కొందఱు విద్వాంసులును అట్లే సంశయించిరి. తుదకు 2015లో పంపినవారే నిజము చెప్పిరి. చిన్నతనమున రెండడుగుల నమూనా ఓడను చేసి, దాని బొమ్మను కత్తిరించి నది బొమ్మపై అతికించి, పాతదానివలె కనబడుటకు రంగు వెలియించితిమనిరి. గడ్డిటోపీవాడు వారి తమ్ముడేనట! పిల్లల ఆటగా మొదలిడినందులకు నేను కోపింపను. దానిని పండితుల కంపి, అన్నియేండ్లు మిన్నకుండుటయే తప్పు.

ఇక ప్రత్యక్షమునకు వత్తము. 1968లో నదిలో పూడిక తీయు యంత్రము ఈ ఓడ శిథిలమునకు తగిలినది. అప్పుడు గాని అది యచట కలదని స్పష్టము కాలేదు. తరువాత రేవును లోతుచేయ నిశ్చయించి 2015లో నావికాదళపు ఈతగాండ్రను దింపిరి. అచటి నీరు మిక్కిలి బురదనీరు. కన్నులకంటె చేతులే వారికి దారి చూపవలసివచ్చినది. ఫిరంగులు, యంత్రభాగములు పైకి వచ్చెను. 2017లో కవచపు గోడల పెద్దముక్కలను యంత్రములతో ఎత్తిరి. వానిలో నొకటి దాదాపు 70 అడుగుల పొడవు కలది. పట్టాలు నిటారుగను తలక్రిందుగను పెట్టిరన్నమాట అప్పుడు కన్నుల యెదుట రుజువైనది. ఏ చిత్రకారుడును గీయని ఆ గాడులు, ఆ మేకుల రంధ్రములు, మ్రానికి ఇనుము అంటిన తీరు, అన్నియు లెక్కించుటకు వీలయ్యెను.

కాని ఇనుము నిలిచినట్లు మ్రాను నిలువలేదు. గోడలకు ఆధారమైన అడుగుఓడ దొరకనేలేదు. 150 అడుగులన్నవారిది నిజమో, 250 అడుగులన్నవారిది నిజమో తీర్పు చెప్పవలసిన ఆ కొయ్య నది పాలైనది.