తేనెటీగలు తగ్గిన పల్లెలు
(రైతు కుటుంబముల సదస్సులో చేసిన ప్రసంగ పాఠము)



శతవార్షికోత్సవమనగానే గడచిన నూరేండ్లలో కట్టిన గుడులను, బడులను, ఆసుపత్రులను లెక్కించుకొందుము. అది తగినదే. అయితే ఈ కాలములోనే మన కండ్లయెదుట తగ్గిపోయినవి కూడ కొన్ని ఉన్నవి. వాటిలో ఒకటైన తేనెటీగను గూర్చి మాటలాడుమని నన్ను కోరిరి. నేను శాస్త్రజ్ఞుడను కాను. బడిలో పాఠములు చెప్పుచు, తీరిక వేళల రెండెకరముల మెట్ట సేద్యము చేసినవాడను. చదివినది, చూచినది, నేను చేసిన తప్పు ఒకటి, ఈ మూడును మీతో చెప్పెదను.

నా చిన్నతనమున మా ఊరి గుడి గోపురము అంచున ఏటేట సంక్రాంతి దాటిన తరువాత పెద్ద తేనెపట్టు పెట్టెడిది. దాని క్రిందనుండి పిల్లలము తల వంచుకొని పోయెడివారము. చెరువుగట్టు మర్రిచెట్టుకైతే ఒకటి కాదు, ఏడెనిమిది పట్లు వ్రేలాడుచుండెడివి. నేడు ఆ మర్రి లేదు. గోపురమునకు పట్టు పట్టి ఎన్నేండ్లయినదో మా ఊరిలో జ్ఞాపకమున్నవారు కొద్దిమందియే.

మన ప్రాంతములో తేనెటీగలు ప్రధానముగా నాలుగు రకములు. ఎత్తయిన కొమ్మలకు, కొండచరియలకు ఒకే పెద్ద పట్టు పెట్టునది కొండ తేనెటీగ. దీనిని పెట్టెలో పెంచలేము. చెట్టు తొర్రలలోను పుట్టలలోను వరుసగా పట్లు పెట్టునది పుట్ట తేనెటీగ. పెట్టెలలో పెంచదగిన మన దేశవాళీ జాతి ఇదియే. పొదలలో అరచేతియంత పట్టు పెట్టునది చిన్న తేనెటీగ. నాలుగవది ఇటాలియన్ తేనెటీగ. 1962లో ఉత్తర దేశమున నగ్రోటా అను చోట దీని పెంపకము కుదురుకొని, క్రమముగా ఇతర రాష్ట్రములకు వ్యాపించినది. ఇవిగాక దోమంతయుండి కుట్టని ఈగలును కలవు.

తేనెటీగ మనకిచ్చునది తేనె మాత్రమే అని చాలమంది తలంచుదురు. తేనె దాని కూలిలో చిన్న భాగము. గుమ్మడి, దోస, పుచ్చ పాదులను చూడుడి. మగపువ్వు వేరు, ఆడపువ్వు వేరు. పుప్పొడి జిగటగా ఉండును గనుక గాలికి ఎగిరిపోదు. ఎవరో ఒకరు మోసికొని పోవలెను. ఆ మోత తేనెటీగది. అది చాలినన్ని సారులు రానిచో పిందె రాలిపోవును, లేదా కాయ ఒక ప్రక్క ఊరి, ఒక ప్రక్క ఊరక వంకర తిరుగును. అరకు లోయలో పసుపు దుప్పటి పరచినట్లు పూయు వలిసెలకు పరాయి మొక్క పుప్పొడి కావలెను. అక్కడ ఈగ లేనిచో పువ్వుండును గాని గింజ సరిగా పట్టదు. ఉల్లి, ధనియాలు, ఆవాలు, ప్రొద్దుతిరుగుడు, వీటన్నింటికిని ఈగల సహాయము కలదు.

ఇప్పుడు నా తప్పు చెప్పెదను. 1989లో నేను రెండెకరములలో ప్రొద్దుతిరుగుడు వేసితిని. పొరుగూరి యువకుడొకడు వచ్చి, తన తేనెటీగల పెట్టెలు ఆరింటిని మా గట్టుమీద పెట్టుకొందునని అడిగెను. సరే అంటిని. చేను నిండుగా పూసిన వేళ పువ్వులలో శనగపచ్చ పురుగు కనబడినది. కంగారుపడి, మరునాటి ఉదయము తొమ్మిది గంటలకు కూలివానిచేత మందు కొట్టించి బడికి పోయితిని. అది ఈగలు ముమ్మరముగా తిరుగు సమయమని ఆలోచింపలేదు. సాయంకాలము వచ్చి చూడగా పెట్టెల ముందు చచ్చిన ఈగలు కుప్పలుగా పడియున్నవి. కొన్ని ఇంకను గిరగిర తిరుగుచున్నవి. ఆ యువకుడు గట్టుమీద కూర్చుండి యున్నాడు.

“మాస్టారూ, పూత మీద మందు కొట్టించారా?” అని అడిగెను.

నేను తల ఊపితిని.

“ఒక్క మాట ముందు చెప్పుంటే రాత్రికే పెట్టెలు తీసుకుపోయేవాణ్ణి గదండీ” అనెను. అంతకంటె ఒక్క మాట మాటలాడలేదు. మిగిలిన పెట్టెలు సైకిలు మీద కట్టుకొని పోయెను. ఆ యేడు నా ప్రొద్దుతిరుగుడు పువ్వుల నడుమ తాలు గింజలే మిక్కిలి.

ఇది కంటికి కనబడు చావు. కంటికి కనబడని చావు మరియొకటి కలదు. తరువాతి కాలములో నియోనికోటినాయిడ్లు అను మందులు వచ్చినవి. ఇమిడాక్లోప్రిడ్, థయామిథాక్సామ్ అను పేర్లు మన పత్తి, మిరప రైతులకు క్రొత్త కాదు. వీటిని విత్తనమునకు పట్టించినను మొక్క అంతట వ్యాపించి, కొంత పూదేనెలోనికిని పుప్పొడిలోనికిని చేరును. కొద్దిపాటి మోతాదు ఈగను అప్పటికప్పుడు చంపదు, గాని దారి మరపించును. 2012లో ఫ్రాన్సు దేశపు పరిశోధకులు ఈగల వీపున మిక్కిలి చిన్న గుర్తులంటించి విడిచి పరీక్షించిరి. ఈ మందు కొద్దిగా తాగినవి ఇల్లు చేరుటలో ఎక్కువగా తప్పిపోయినట్లు చూపిరి. యూరపు దేశముల కూటమి ఇట్టి మూడు మందులపై 2013లో ఆంక్షలు పెట్టి, 2018లో బహిరంగ పొలములలో వాడకుండ నిషేధించినది.

రెండవ కారణము తెగుళ్లు. ఇక్కడ మన దక్షిణ దేశపు కథ ఒకటి చెప్పవలెను. పట్లను విరుగగొట్టకుండ పైకి తీయదగిన చట్రముల పెట్టెకు మూలసూత్రము 1851లో అమెరికాలో లాంగ్‌స్ట్రాత్ అను పాదిరిగారు కనిపెట్టిరి. మన పుట్ట తేనెటీగ చిన్నది గనుక దానికి తగిన చిన్న పెట్టెను తమిళదేశమున న్యూటన్ అను ఫాదరుగారు 1910 తరువాతి సంవత్సరములలో తయారుచేసి, పల్లెవారికి నేర్పిరి. నేటికిని అది న్యూటన్ పెట్టె అను పేరుతోనే ఉన్నది. కన్యాకుమారి ప్రాంతపు మార్తాండములో వై.ఎం.సి.ఏ. వారు 1920ల నుండి పేద కుటుంబములకు ఈ పెంపకము అలవాటు చేసిరి. రబ్బరు తోటల లేతాకుల తీపిరసముతో అక్కడ తేనె సమృద్ధిగా దొరకెడిది.

1991లో ఆ దేశమునకు థాయ్ శాక్‌బ్రూడ్ అను వైరస్ తెగులు సోకినది. పిల్లపురుగు రెక్కలు రాకముందే నీరు నిండిన సంచివలె ఉబ్బి, గదిలోనే చచ్చును. ఒకటి రెండు సంవత్సరములలో కేరళ, తమిళనాడు, కర్ణాటకములలో పెంపకపు పట్లు అధికభాగము నశించినవి. అనేక చోట్ల నూటికి 90 వంతులకు పైగా పోయినవి. ఆ తేనెమీద పిల్లల చదువులు నడుపుకొన్న ఇండ్లలో ఖాళీ పెట్టెలు మిగిలినవి. అయినను ఆ కథ అక్కడ ముగియలేదు. తెగులుకు తట్టుకొని నిలిచిన కొద్దిపాటి పట్లనుండి మరల పెంచి, ఆ ప్రాంతమువారు తమ వృత్తిని నిలబెట్టుకొనిరి. విత్తనపు పుట్టి వంటివి ఆ మిగిలిన పట్లు. తొర్రగల పాత చెట్లను కొట్టివేసినచో ఆ విత్తనమే లేకుండ పోవును.

మూడవ కారణము ఆకలి. ఈగకు ఏడాది పొడవున పూత కావలెను. ఒక నెల చింత, ఒక నెల కానుగ, తరువాత వేప, నేరేడు, కుంకుడు, తుమ్మ. ఇట్లు ఒకదాని తరువాత ఒకటి పూయు చెట్లు గట్లమీద ఉండెడివి. నేడు మైళ్ల కొలది ఒకే పంట. ఆ పంట పూసినప్పుడు విందు, పిమ్మట పస్తు. గట్టుమీది గడ్డిపూలు కూడ కలుపుమందుకు మాడిపోయినవి. రోడ్లు వెడల్పు చేయుటలో నిలువెత్తు చింతలు, మర్రులు పోయినవి. పొగతో ఊరుకొనక మంటపెట్టి పట్టునంతటిని కాల్చి తేనె పిండుకొను అలవాటు కూడ మనలో కలదు. తేనెయున్న భాగమును మాత్రము కోసి, పిల్లలున్న భాగమును వదలినచో ఈగలు మరల కట్టుకొనును. మన్యములో గిరిజన సోదరులకు ఈ పద్ధతి నేర్పుచున్న సంస్థలు కలవు.

ఈ మూడింటిలో అసలు దోషి ఎవరని అడుగుదురు. అమెరికాలో 2006–07 శీతకాలమున పెట్టెలలో రాణి, పిల్లలు ఉండగానే కూలి ఈగలు మాయమైన వింత సంభవించినది. ఎంతో పరిశోధన జరిగినను ఒక్క కారణము తేలలేదు. మందులు, వైరస్‌లు, వర్రోవా అను రక్కసి నల్లి, మంచి మేత లేకపోవుట, ఇవన్నియు కలిసి పని చేసినవని పెక్కుమంది శాస్త్రజ్ఞుల అభిప్రాయము. మేతలేక బక్కచిక్కిన ఎద్దు చిన్న రోగమునకే కూలబడును గదా! ఈగ సంగతియు అంతే. సెల్‌ఫోను టవర్లే కారణమని మనలో గట్టి ప్రచారము కలదు గాని, దానికి తగిన రుజువు లేదు. టవరును తిట్టుట సులభము. మన భుజముమీది స్ప్రేయరును చూచుకొనుట కష్టము.

మరియొక మాట కూడ సరిచేయవలెను. తేనెటీగ పోయిన నాలుగేండ్లకు మానవజాతి నశించునని ఐన్‌స్టైన్ అన్నట్లు చెప్పుదురు. ఆయన అట్లు చెప్పిన ఆధారము లేదు. వరి, గోధుమ, జొన్న, మొక్కజొన్నలకు ఈగ అక్కరలేదు. కడుపు నిండును. గాని పండు, కూరగాయ, నూనెగింజ తగ్గి ప్రియమగును. ఆ లోటు ముందుగా తగులునది పేదవాని పిల్లలకే. 2016లో అనేక దేశముల శాస్త్రజ్ఞులు కలిసి వెలువరించిన నివేదిక ప్రకారము ప్రపంచపు ముఖ్య ఆహారపు పంటలలో నూటికి 75కు పైగా కొంతమేరకైనను ఈగలు మొదలగు జీవుల పరాగసేవపై ఆధారపడియున్నవి. పూచే అడవి మొక్కలలోనైతే ఇది దాదాపు 90 వంతులు. అడవిలో కాయ పట్టనిచో పక్షికి మేత లేదు, ఎలుగుకు పండు లేదు, రేపటి చెట్టుకు విత్తనము లేదు. ప్రపంచములో పెంచబడు పెట్టెల సంఖ్య 1961 నాటికంటె నేడు ఎక్కువే. కాని పెట్టెలు పెరిగినంతమాత్రమున అడవి ఈగల లోటు తీరదు. వాటిని కొనితెచ్చుటకు ఏ అంగడియు లేదు.

కాబట్టి నేను మిమ్ములను కోరునవి నాలుగే. పూతమీద మందు కొట్టకుడి. తప్పనిసరియైనచో ప్రొద్దుగ్రుంకిన తరువాత కొట్టి, చుట్టుప్రక్కల పెట్టెలున్నవారికి ముందురోజే కబురు చేయుడి. గట్టుమీద ఒక కానుగ, ఒక నేరేడు, ఒక కుంకుడు నాటుడి. తొర్రయున్న పాత చెట్టును పనికిరానిదని కొట్టకుడి. గుడికో బడికో పట్టు పట్టినచో కిరోసిను గుడ్డ వెదకకుడి. ఎవరి దారికిని అడ్డము లేనిచో కొన్ని నెలలు ఓర్చుకొనుడి. కాలము మారగానే అవే ఎగిరిపోవును.

ఆ యువకుడు మరల మా ఊరికి పెట్టెలు తేలేదు. కొంతకాలమునకు నేనే వెదకికొనిపోయి క్షమాపణ అడిగితిని. నవ్వి మజ్జిగ ఇచ్చెను గాని, అప్పటికి ఆ పని మానుకొని కూలికి పోవుచుండెను. ఆ బాకీ నేను తీర్చలేకపోతిని. నేడు మీలో ఒక్కరైనను రేపు ఉదయపు మందును సాయంకాలమునకు వాయిదా వేసినచో, అందులో కొంత తీరినట్లు భావించెదను.