వెతుక్కుంటూ వచ్చిన గురువు

(గురుపూర్ణిమ నాడు ఏలూరులో దేవాలయ మండపంలో చేసిన ప్రసంగ పాఠం)



వ్యాసభగవానుని స్మరించుకొనే ఈ పర్వదినం ఆషాఢమాసంలో వస్తుంది. మన పిల్లలు పెట్టె సర్దుకొని పై చదువులకు పొరుగూరు పోయే రోజులు కూడా ఇంచుమించు ఇవే. అందుచేత ఈ పూట ఇంటిమీది బెంగను గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను. బెంగ కూడా ఒక ప్రసంగ విషయమేనా అని మీకు తోచవచ్చు. శ్రీమద్భాగవతంలోని దశమ స్కంధం చూస్తే, అవునని తెలుస్తుంది.

కంసవధానంతరం శ్రీకృష్ణుడు నందుని వ్రేపల్లెకు సాగనంపి, బలరామునితో కలిసి అవంతిలోని సాందీపని మహర్షి సన్నిధికి వెళ్లాడు. 64 దినాలలో 64 విద్యలు అభ్యసించాడు. గురుదక్షిణ సమర్పించి మథురకు తిరిగి వచ్చిన పిమ్మట ఉద్ధవుని చేయి పట్టుకొని, వ్రేపల్లెకు పోయి తన తల్లిదండ్రులను ఊరడించి రమ్మన్నాడు. జగద్గురువుకే ఇల్లు జ్ఞాపకం వచ్చినప్పుడు, పద్దెనిమిదేళ్ల పిల్లవాడికి రావడం దౌర్బల్యం ఎట్లా అవుతుంది?

ఇంకొక ఘట్టం చూడండి. ఏళ్లు గడిచాక కుచేలుడు ద్వారకకు వచ్చాడు. బాల్యమిత్రులిద్దరూ గురుకులవాసాన్ని నెమరు వేసుకున్నారు. అప్పుడు స్వామి తాను నేర్చిన విద్యల ప్రస్తావన తేలేదు. కట్టెల కోసం అడవికి పోవడం, అకాలవర్షం కురియడం, దారి తెలియని చీకటిలో ఒకరి చేయి ఒకరు పట్టుకొని రాత్రంతా గడపడం, తెల్లవారగానే గురువుగారు తమను వెతుక్కుంటూ రావడం, వీటినే చెప్పుకున్నాడు. పరాయి చోట పిల్లవానికి కావలసినవి ఆ రెండే: పట్టుకోవడానికి ఒక చేయి, వెతుక్కుంటూ వచ్చే ఒక పెద్ద.

ఈ ఘట్టాన్ని నేను నలభై ఏళ్లు పాఠం చెప్పాను. దాని అర్థం మాత్రం మూడేళ్ల క్రితం తాడేపల్లిగూడెంలో తెలిసింది.

ఆ ఊరు ఇప్పుడు విద్యాక్షేత్రం. 2015లో అక్కడ జాతీయ సాంకేతిక విద్యాసంస్థ వెలసింది. సమీపాన వెంకటరామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయం ఉన్నది. మన భాష వినని, మన అన్నం తినని పిల్లలు కూడా దూరదేశాల నుండి వస్తున్నారు. నేను మా అమ్మాయి ఇంట ఉంటున్న రోజులలో, దేవాలయ మెట్లమీద రోజూ సాయంకాలం ఒక కుర్రవాడు ఒంటరిగా కూర్చుని కనిపించేవాడు. రాజస్థాన్ వాడు. నాకు వచ్చిన కొద్దిపాటి హిందీలో పలకరించాను. కంట నీరు పెట్టుకున్నాడు. తిండి సహించడం లేదట, నిద్ర రావడం లేదట, చదువు మానేసి వెళ్లిపోతాడట.

నేనేం చేశాను? పండితుణ్ణి కదా! విద్యార్థి సుఖాన్ని కోరరాదని, మమకారమే బంధమని అరగంట బోధించాను. ఆ అబ్బాయి వినయంగా నమస్కరించి వెళ్లాడు. తరువాత నాలుగు రోజులు మెట్ల దగ్గర కనిపించలేదు. ఈ సంగతి ఇంట్లో చెబితే నా భార్య, "ఆకలితో ఉన్న పిల్లవాడికి ఉపన్యాసం వడ్డించి వచ్చారా?" అన్నది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. సాందీపని మహర్షి ఆ తెల్లవారుజామున అడవిలో శిష్యులకు మందలింపులు వినిపించలేదు. ముందు వెతుక్కుంటూ వెళ్లాడు.

మరునాడు వాని హాస్టలు వెతుక్కుంటూ పోయాను. గేటు దగ్గరకు వచ్చి నన్ను చూచి నిలబడిపోయాడు. "గురూజీ, ఈ ఊళ్లో నాకోసం ఒకరు రావడం ఇదే మొదలు" అన్నాడు. నా కళ్లు చెమర్చాయి. ఆ ఆదివారం నుండి మా ఇంట భోజనం. నా భార్య వాని కోసం పుల్కాలు కాల్చడం నేర్చుకున్నది. వాడు మా మనుమరాలి దగ్గర తెలుగు అక్షరాలు దిద్దాడు. బెంగ ఒక్కనాట పోలేదు. దసరాకు ఇంటికి వెళ్లి, తిరిగి రాడేమోనని మేము అనుకుంటుండగా తిరిగి వచ్చాడు. నిరుడు కొత్త విద్యార్థులు వచ్చే రోజున రైల్వేస్టేషనులో నిలబడి, తన ప్రాంతపు పిల్లలకు తానే ఎదురు వెళ్లాడని విని ఎంతో సంతోషించాను.

మన కొల్లేటి సీమ దీనికి మంచి ఉపమానం. కైకలూరు దగ్గర ఆటపాకలో గూడబాతులకు గూళ్లు కట్టుకోను చెట్లు చాలకపోతే అటవీశాఖ వారు నీటిలో ఇనుప మంచెలు నిలిపారు. పక్షులు వాటిమీదనే పుల్లలు పేర్చి, గుడ్లు పెట్టి, పిల్లలను సాకుతున్నాయి. మంచె చెట్టు కాదు. అయినా కాలు మోపను చోటు దొరికితే పక్షి గూడు తానే కట్టుకుంటుంది.

తల్లిదండ్రులకు నా మనవి. ఫోనులో మార్కుల మాట తరువాత అడగండి, అన్నం మాట ముందు అడగండి. బెంగగా ఉందని బిడ్డ చెబితే "పిరికివాడా" అనకండి. గంటగంటకూ ఫోను చేసి ఆ బెంగను పెంచనూ వద్దు. వేళ పెట్టుకొని మాట్లాడండి. విద్యార్థులారా, వేళకు తినండి, సాయంకాలం గది విడిచి నలుగురిలోకి రండి, పక్క గదివాని పేరు తెలుసుకోండి. అందరికీ బెంగ ఉన్నది, అందరూ దాచుకుంటున్నారు. వారాలు గడిచినా నిద్రాహారాలు రాకపోయినా, బ్రతుకు మీద విరక్తి కలిగినా, అది ఓదార్పుతో తీరేది కాదు. వెంటనే వైద్యుని చూడాలి. ప్రభుత్వం వారి టెలిమానస్ సేవకు 14416 నంబరున రాత్రింబవళ్లు ఉచితంగా ఫోను చేయవచ్చు. దానికి సిగ్గుపడనక్కరలేదు.

దాతలారా, అన్నదానానికి మీరిచ్చే ద్రవ్యం పవిత్రమైనది. దానితోపాటు పండుగనాడు మీ ఇంటి విస్తళ్లలో ఒక విస్తరి పొరుగు బిడ్డకు వేయండి. మన బిడ్డ ఎక్కడో ఏ ఊళ్లోనో మరొక తల్లి ఎదుట విస్తరి ముందు కూర్చుని ఉండవచ్చును.

స్వస్తి.