పత్తి స్లాట్‌కు ముందే ఫోన్ చక్కబెట్టుకోండి



2025 సీజన్ నుంచి భారత పత్తి సంస్థ (సీసీఐ)కు పత్తి అమ్మాలంటే కపాస్ కిసాన్ యాప్‌లో స్లాట్ బుక్ చేసుకోవాలి. ఆ సీజన్లో పొడుగు పింజ పత్తికి మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. మద్దతు ధర దక్కాలంటే పంటతో పాటు ఫోన్ కూడా బాగుండాలి. తీరా బుక్ చేసే వేళకు స్టోరేజ్ నిండిందంటుంది. లేదా ఏదో అప్‌డేట్ దిగి, రోజుకొచ్చే ఒకటిన్నర జీబీ డేటా అయిపోతుంది.

ముందు సెట్టింగ్స్‌లో యాప్స్ తెరవండి. కొన్నప్పుడే లోపలున్న ఆటలు, షాపింగ్ యాప్‌లు కనిపిస్తాయి. అన్‌ఇన్‌స్టాల్ అని ఉంటే తీసేయండి. కొన్నింటికి డిసేబుల్ మాత్రమే ఉంటుంది. అది నొక్కితే యాప్ పూర్తిగా పోదు గానీ, నడవడం ఆగుతుంది, కొంత జాగా కూడా దొరుకుతుంది. లాక్ తీయకముందే తెర మీద రోజుకో బొమ్మ, ప్రకటన మారుతున్నాయా? చాలా ఫోన్లలో దాన్ని లాక్ స్క్రీన్ సెట్టింగ్స్‌లో ఆపొచ్చు. గూగుల్ ప్లే సర్వీసెస్ జోలికి, పేరు తెలియని సిస్టమ్ యాప్‌ల జోలికి మాత్రం పోకండి.

మనం డబ్బు పెట్టి కొన్న ఫోన్లో ఏముండాలో ఇంకొకరు తేల్చడం అన్యాయం. 2022 అక్టోబరులో కాంపిటీషన్ కమిషన్ గూగుల్‌కు 1,337 కోట్ల జరిమానా వేసింది. ఫోన్ కంపెనీలు తన యాప్‌లన్నీ కట్టగట్టి ముందే ఎక్కించాలనడం అందుకు ఒక కారణం. 2025 చివర్లో సంచార్ సాథీ అనే ప్రభుత్వ యాప్‌ను కొత్త ఫోన్లన్నిటిలో తప్పనిసరి చేసిన కేంద్రం, విమర్శలు రాగానే రోజుల్లోనే వెనక్కి తగ్గింది.

అప్‌డేట్ల సంగతి వేరు. వాటిని ఆపకండి, వేళ మార్చండి. ప్లే స్టోర్ సెట్టింగ్స్‌లో ఆటో అప్‌డేట్‌ను వైఫైకే పరిమితం చేయండి. సిస్టమ్ అప్‌డేట్‌ను రాత్రి పనులయ్యాక, ఛార్జింగ్ పెట్టి చేయండి. సెక్యూరిటీ అప్‌డేట్ దొంగలు దూరే సందును మూస్తుంది. యూపీఐ ఉన్న ఫోన్‌కు అది తప్పనిసరి. వాట్సాప్‌లో పీఎం కిసాన్ పేరుతో వచ్చే ఏపీకే ఫైలు అప్‌డేట్ కానే కాదు. దాన్ని తెరిచి ఖాతాలో డబ్బు పోగొట్టుకున్నవాళ్లున్నారు.

నెట్ సెంటర్లు నడిపేవాళ్లకు కంప్యూటర్ అప్‌డేట్ల గురించి ఒక మాట. విండోస్ 10కు మామూలు సపోర్ట్ 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 వాడుతుంటే, అందులో అప్‌డేట్లను కొన్ని వారాలు పాజ్ చేయొచ్చు. ఫోన్ హాట్‌స్పాట్‌తో నడిపేటప్పుడు మీటర్డ్ కనెక్షన్ ఆన్ చేయండి, పెద్ద అప్‌డేట్లు చాలామటుకు వాటంతటవి దిగవు.