డాక్టరు గారి మెడ, బొటనవేలు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

మన రామసముద్రంలో చదివి డాక్టర్లయినవాళ్లు ఈ సభలో ఉన్నారు. ఇంజనీరుగా నేను మాట్లాడదలచింది వాళ్ల ఒంటినొప్పుల గురించే.

ఎండోస్కోపీ అంటే రోగి పడే ఇబ్బందే మనకు గుర్తొస్తుంది. చేసే డాక్టరు ఎడమచేత్తో పరికరం పిడి పట్టుకుని, బొటనవేలితో చక్రాలు తిప్పుతూ, కుడిచేత్తో గొట్టాన్ని తోస్తూ మెలితిప్పుతూ, తెర మీద నుంచి చూపు తిప్పకుండా నిలబడాలి. ఒకరి తర్వాత ఒకరికి రోజంతా ఇదే పని. బొటనవేలు, మణికట్టు, మెడ, నడుము దెబ్బతినేది ఇక్కడే. ఎక్స్‌రే సాయంతో పిత్తనాళంలో రాళ్లు తీసేటప్పుడు సీసపు ఏప్రాన్ బరువూ తోడవుతుంది.

1957లో హిర్షోవిట్జ్ ఫైబర్ ఎండోస్కోపు తెచ్చినప్పుడు డాక్టరు వంగి గొట్టం చివర కన్ను ఆనించి చూడాల్సి వచ్చేది. 1980లలో కెమెరా, తెర వచ్చాక ఆ వంగే బాధ తప్పింది. కానీ తెరను పక్కన పెడితే మెడ రోజంతా పక్కకే తిరిగి ఉంటుంది.

మన రైతు పారకు కామ వేయించుకునేటప్పుడు తన ఎత్తు చూసుకుంటాడు. ఎండోస్కోపు పిడి మాత్రం అందరికీ ఒకే సైజు. చిన్న చేతులున్న డాక్టర్లకు, ముఖ్యంగా మహిళలకు, అది మరింత కష్టం.

పిడి మార్చడం మన చేతిలో లేదు, గది మార్చడం ఉంది. అమెరికా ఎండోస్కోపీ సంఘం 2023లో ఇచ్చిన మార్గదర్శకాలూ ఆ దారే చూపాయి. తెర సరిగ్గా ఎదురుగా, చూపు కాస్త కిందికి వాలే ఎత్తులో ఉండాలి. మంచం ఎత్తు మార్చుకునేదై, మోచేతి ఎత్తుకు గానీ 10 సెంటీమీటర్ల లోపు కిందకు గానీ రావాలి. కాళ్ల కింద మెత్తని మ్యాట్ వేసుకోవాలి. మధ్యమధ్య చిన్న విరామం తీసుకోవాలి. ఏప్రాన్ రెండు ముక్కలదైతే భుజాల బరువు కొంత నడుముకు దిగుతుంది.

హైదరాబాదులో ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీని నెలకొల్పిన డాక్టర్ డి. నాగేశ్వర్ రెడ్డి గారికి 2025లో పద్మవిభూషణ్ వచ్చింది. ఎండోస్కోపీలో మనవాళ్ల చేతులకు అంత పేరుంది. ఏళ్ల తరబడి నేర్చిన ఆ చెయ్యి ముందే మూలపడితే నష్టం డాక్టరు ఒక్కరిదే కాదు, ఆయన కోసం బస్సెక్కి వెళ్లే మన ఊరి రోగిది కూడా.

డాక్టరు మిత్రులారా, నొప్పిని ఓర్చుకోవడం వృత్తిధర్మం కాదు. రేపు డ్యూటీకి వెళ్లగానే తెర ఎక్కడుందో, మంచం ఎంత ఎత్తుందో చూసుకోండి. మీ దగ్గర నేర్చుకునే పిల్లలకు గొట్టం పట్టుకోవడంతో పాటు నిలబడే తీరూ మొదటిరోజే నేర్పండి. కొలతలు తీయడానికి మనిషి కావాలంటే మా ఇంజనీర్లకు కబురు పెట్టండి. టేపుతో వస్తాం.

సెలవు.