ఆంగ్లమున సమకాలిక భూతక్రియలు

గతమున ఏకకాలమందు జరిగిన రెండు పనులను ఆంగ్లమున చెప్పవలసి వచ్చినప్పుడు మన విద్యార్థులు తఱచుగా తడబడుదురు. ఏలయన, ‘నేను చదువుచుండగా దీపము ఆఱిపోయెను’ అను తెలుగు వాక్యమున కాలమును సమాపక క్రియ యొక్కటియే తెలుపుచుండ, ఆంగ్లమున రెండు క్రియలును దానిని వేర్వేఱుగ ధరింపవలసియున్నవి. అచట కొనసాగుచున్న చదువు ‘వజ్ రీడింగ్’ అనియు, దాని నడుమ తటాలున సంభవించిన ఆఱుట ‘వెంట్ అవుట్’ అనియు నుండవలెను. డెన్మార్కు దేశీయుడైన వ్యాకరణవేత్త ఒట్టో యెస్పర్సన్ మొదటిదానిని రెండవదానికి చట్రముగా భావించెను. ఇంతకంటె విశదమైన వివరణ నాకు కనబడలేదు.

రెండును దీర్ఘవ్యాపారములైనచో ‘షి వజ్ కుకింగ్ వైల్ హి వజ్ రీడింగ్’ అనవచ్చును. ‘కుక్డ్’, ‘రెడ్’ అన్నను దోషము లేదు. కాని ‘వెన్ హి కేమ్, ఐ లెఫ్ట్’ అన్నచో ఆతడు వచ్చిన పిదప నేను వెడలితినని యర్థము; ‘ఐ వజ్ లీవింగ్’ అన్నచో నేను బయలుదేరుచుండగనే ఆతడు వచ్చెననియు, ‘ఐ హాడ్ లెఫ్ట్’ అన్నచో అప్పటికే నేను వెడలిపోయితిననియు తెలియును. భూతకాలమనగానే ప్రతి క్రియకును ‘హాడ్’ తగిలించుట మనవారిలో ప్రబలిన దోషము. విద్యార్థులారా, వేఱొక గతక్రియకంటె ముందే ముగిసిన పనికి మాత్రమే దానిని వాడుడు.