ప్రత్తి మిల్లు నుండి కంప్యూటరు పనుల నిర్వహణకు



నందవరములో కంప్యూటరు ఉద్యోగములను గురించి ప్రసంగింపుమని మమ్ము కోరినప్పుడు మొదట సంకోచించితిమి. ప్రత్తి ధర, తుంగభద్ర నీరు, వలస పోవు కుటుంబములు, ఇవి ఇక్కడ ముందుగా మాట్లాడవలసిన విషయములు గదా! కాని కొంతకాలము క్రిందట ఒక రైతు మాయొద్దకు వచ్చెను. ఎకరము పొలమమ్మి, కుమారుని హైదరాబాదులో ప్రాజెక్టు మేనేజరు శిక్షణకు పంపదలచితిననియు, పంచాయతీ మెంబరు నడిగిన మంచిదే అనెననియు చెప్పెను. కుమారునకు ముప్పది రెండేండ్లు, డిగ్రీ చదువు, ఆదోని జిన్నింగు మిల్లులో ఎనిమిదేండ్ల సూపర్వైజరు పని. మీ మాట మీద పొలములు చేతులు మారుచున్నప్పుడు, ఈ పని యెట్టిదో మీకు తెలిసియుండుట యవసరమని తోచి వచ్చితిమి.

ప్రాజెక్టు మేనేజరనగా కంప్యూటరుకు ప్రోగ్రాములు వ్రాయువాడు కాడు. వ్రాయువారిచేత, పరీక్షించువారిచేత, పని యిచ్చినవారికి చెప్పిన గడువులో, చెప్పిన ఖర్చులో పని చేయించువాడు. ఎమ్మిగనూరు నేత మీరెరిగినదే. 1938లో మాచాని సోమప్పగారు అక్కడ చేనేత సహకార సంఘమును నెలకొల్పిరి. నూలు రావలెను, రంగు పట్టవలెను, పడుగు సిద్ధము కావలెను, అటు పిమ్మట మగ్గమాడవలెను. ఒక్కచోట ఆలస్యమైన మగ్గము నిలిచిపోవును. ఈ వరుసను ముందుగా చూచి, ఏది ఆగిన అన్నియు ఆగునో దానిని కనిపెట్టుటయే ఈ వృత్తి.

ఈ విద్య కంప్యూటరు వారి సొంత సొత్తు కాదు. పనిని రోజుల వారీగా గీతలుగా గీసి చూపు పటము హెన్రీ గాంట్ అను ఇంజనీరు పేరిట వాడుకలో నున్నది. ఆయన యంత్రశాలలలో పనిచేసినవాడు. ఏ పని ఆలస్యమైన మొత్తము ఆలస్యమగునో లెక్కకట్టు పద్ధతి 1957 ప్రాంతమున డ్యూపాంట్ అను రసాయన కర్మాగారముల సంస్థలో పుట్టినది. పని ఎంతవరకు వచ్చెనో కార్డులతో తెలుపు ఏర్పాటు జపానులోని టయోటా మోటారు కార్ల ఫ్యాక్టరీది. కంప్యూటరు వారు వీనినన్నిటిని అరువు తెచ్చుకొనిరి. మనుష్యులును అట్లే వచ్చిరి. భారత సాఫ్ట్‌వేర్ పరిశ్రమకు పితామహుడని పేరొందిన ఎఫ్.సి. కోహ్లీగారు విద్యుచ్ఛక్తి ఇంజనీరు. 1951లో టాటా విద్యుత్ సంస్థలో చేరి, 1969లో టి.సి.ఎస్. నిర్వహణకు వచ్చిరి. హైదరాబాదులో 1991లో ఇన్ఫోటెక్ సంస్థను స్థాపించిన బి.వి.ఆర్. మోహన్ రెడ్డిగారు మెకానికల్ ఇంజనీరు.

అయితే తేడా లేకపోలేదు. ప్రత్తి విడిపించుటకు పది మంది చాలకున్న ఇరువదిమందిని పిలుతుము, పని త్వరగా ముగియును. మేమును వేరొక పరిశ్రమ నుండియే ఈ పనికి వచ్చితిమి. మొదటి యేట గడువు మీరుచుండగా, ఆ లెక్కనే మరి ఐదుగురిని చేర్చితిమి. పని ఇంకను వెనుకబడినది! కొత్తవారికి చెప్పుటకే పాతవారి కాలమంతయు పోయినది. ఐదుగురున్నచోట ఇద్దరిద్దరు మాట్లాడుకొనవలసిన జంటలు 10, పదిమంది యైన 45. ఐ.బి.ఎం.లో పెద్ద పనులు నడిపిన ఫ్రెడరిక్ బ్రూక్స్ ఈ సంగతి 1975లోనే గ్రంథస్థము చేసెను. మేము చదువక చెడితిమి. వంతెన సగము కట్టిన తరువాత దానిని అర మైలు అవతలకు జరుపుమని ఎవరు నడుగరు. కంప్యూటరు పనిలో అట్టి కోరిక వారమున కొకటి వచ్చును. కాదనక, అన్నింటికి తలయూపక, దీనికింత కాలము, ఇంత ఖర్చు పట్టునని నెమ్మదిగా చెప్పగల ఓర్పు కావలెను. గ్రామసభ నడిపినవారికి ఇది క్రొత్త కాదు.

ఇక శిక్షణ మాట. శిక్షణ ముగియగానే మేనేజరు ఉద్యోగమను ప్రకటనలు నమ్మదగినవి కావు. ఈ వృత్తిలో పేరున్న పి.ఎం.పి. పరీక్షను 1969లో అమెరికాలో ఏర్పడిన పి.ఎం.ఐ. సంస్థ నిర్వహించుచున్నది. దానికి కూర్చొనుటకే, నాలుగేండ్ల డిగ్రీ కలవారికి 36 నెలలు, హైస్కూలు చదువుతో ఆగినవారికి 60 నెలలు ప్రాజెక్టులు నడిపిన అనుభవము, దానిపై 35 గంటల శిక్షణ కావలెను. అనుభవము లేనివారికి సి.ఎ.పి.ఎం. అను చిన్న పరీక్ష వేరుగా కలదు. ఆ అనుభవము ఏ పరిశ్రమదైనను చెల్లును. కాని ప్రతిదినము ఒకే తీరున జరుగు పని లెక్కకు రాదు. ఆదియు అంతమును గల పని, ఒక క్రొత్త ఫలితము నిచ్చు పని మాత్రమే ప్రాజెక్టు. దినమును దూది తీసి బేళ్లు కట్టుట ప్రాజెక్టు కాదు. క్రొత్త ప్రెస్సు నిలబెట్టుట, గోదాము కట్టించుట, కాగితపు లెక్కలను కంప్యూటరులోనికి మార్చుట ప్రాజెక్టులు.

మొదటి అడుగే మేనేజరు పీఠముపై పడుట అరుదు. మిల్లుల సరకు లెక్కలకు కంప్యూటరు ఏర్పాట్లు చేయు సంస్థలలో, మిల్లు పని తెలిసినవారికి మొదట చిన్న పని దొరుకవచ్చును. అక్కడ ఇంగ్లీషులో ఉత్తరము వ్రాయుట, ఫోనులో మాట్లాడుట తప్పదు. కొంతకాలము జీతము తగ్గినను ఓర్చుకొనవలెను, ఇంటిలో పిల్లలున్నవారు దీనిని ముందే ఆలోచింపవలెను. పాఠముల కొరకు పొలమమ్మ నక్కరలేదు. 2017లో కేంద్రప్రభుత్వము ప్రారంభించిన స్వయం అను ఏర్పాటులో ఐ.ఐ.టి. ఆచార్యుల ప్రాజెక్టు నిర్వహణ పాఠములు ఉచితముగా వినవచ్చును. పరీక్ష వ్రాసి యోగ్యతాపత్రము కోరినవారే కొద్దిపాటి రుసుము కట్టుదురు.

ఆ రైతు కుమారునితో ఒక పూట కూర్చుంటిమి. ఎనిమిదేండ్లలో తాను మొదలుపెట్టి ముగించిన పనులను, తేదీలతో, ఖర్చుతో, చేతిక్రింద పనిచేసినవారి సంఖ్యతో ఒక నోటుపుస్తకమున వ్రాయుమంటిమి. మొదట ఏమియు లేవనెను. సాయంకాలమునకు మూడు తేలినవి. అందులో ఒకటి, మిల్లు తూకపు చీటీలను కంప్యూటరులోనికి మార్చిన పని, తాను పని క్రింద లెక్కింపనే లేదు. మూడును కలిపి 14 నెలలైనవి. మిల్లు యజమాని వచ్చు సీజను లోపల క్రొత్త ప్రెస్సు పెట్టదలచెనట. ఆ పని తనకిమ్మని అడుగుటకు ఆదోనికి పోయెను. పొలము బేరము ప్రస్తుతమునకు ఆగినది.